పన్నెండు మంగళవారాల శాంతం

నా కోపం మీద ఆఫీసులో ఒక ఫైలు ఉండేది. మనిషన్నాక కోపం ఎవరికైనా వస్తుంది గాని, దానికి నంబరు వేసి, దారం కట్టి బీరువాలో పెట్టిన ఘనత మా ఆఫీసుదే. ఆ ఫైల్లోంచి ఒక కాగితం, ఆ ఏడాది తొలి వానలు పడ్డ వారంలో మా ఇంటికొచ్చింది. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాలంటే వైద్య బోర్డు ముందుకు వెళ్ళాలట. బోర్డు ముందుకు వెళ్ళాలంటే నా మనసు కుదుటపడిందని పత్రం చూపించాలట. ఆ పత్రం చేతికి రావాలంటే వికలాంగుల సాంత్వన కేంద్రంలో పన్నెండు మంగళవారాలు కూర్చుని బొమ్మలకు రంగులు వేయాలట.

నేను ఇరవై నాలుగేళ్ళు అదే ఆఫీసులో ప్లాన్లకు రంగులు వేసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఏ గోడ లేవాలన్నా, ఏ గోడ కూలాలన్నా ముందు నా బల్ల మీద రంగు పడాలి. ఉన్న కట్టడానికి నీలం, కొట్టేయాల్సిన దానికి పసుపు, కొత్తగా కట్టాల్సిన దానికి ఎరుపు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి రంగులు వేయడం నేర్పుతారట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

అంతకుముందు ఏడాది ఒక కట్టడానికి కొలతలు తీసుకోవడానికి వెళ్ళి పరంజా మీంచి పడ్డాను. నడుము కిందిభాగం అప్పట్నుంచి నా మాట వినదు. చేతులు రెండూ ఉన్నాయి, కళ్ళున్నాయి, కుర్చీలో కూర్చోగలను. డ్రాఫ్ట్స్‌మన్‌కి ఇంకేం కావాలి? కావలసిందల్లా ఆఫీసు ముందున్న తొమ్మిది మెట్లు దాటడం. ఆ భవనం కట్టినవాడెవడో వరదలకు జడిసి బేస్‌మెంటు నాలుగున్నర అడుగులు లేపాడు. పక్కన ఒక ర్యాంపు కట్టించండి, నా కుర్చీ నేనే తోసుకుంటూ వస్తానని మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ ఒకటే జవాబు, "ప్లాను జతచేయలేదు" అని. ప్లాను గీయాల్సింది డ్రాఫ్ట్స్‌మన్. ఆ డ్రాఫ్ట్స్‌మన్ సెలవులో ఉన్నాడు. పోనీ అని ఇంట్లో కూర్చుని గీసి పంపితే, సెలవులో ఉన్నవాడు గీసిన ప్లాను చెల్లదన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. అప్పుడు పెద్ద ఇంజినీరుకి ఫోను చేసి నాలుగు మాటలన్నాను. వాటిలో రెండు ఆయన పుట్టుక గురించి. ఫైలు ఆ రోజే తెరిచారు.

వానాకాలం ముగిసేలోగా చేరకపోతే నేను పనికిరానని తీర్మానించి ఇంటికి పంపేస్తారు. నా బల్ల ఇంకొకరికి ఇస్తారు. నాకు భయమున్నది అదొక్కటే. కాళ్ళు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు.

మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"వెళ్ళండి," అంది.

"నేనా? పిల్లకాయల్లాగా నెమలి బొమ్మకు రంగులు పూసుకుంటూ కూర్చోడానికా?"

"పూస్తే ఏం పోతుంది? చెయ్యి అరిగిపోతుందా?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకేం తెలుసులెండి. మొన్న మీరు విసిరిన గ్లాసు అమ్మాయి చెవి పక్కనుంచి పోయింది. అంతవరకే తెలుసు."

నేను విసిరింది గోడకు, పిల్లకు కాదు. ఆ మాటే చెప్పాను. పద్నాలుగేళ్ళ పిల్ల, నాన్న కోపంగా ఉన్నప్పుడు గోడ దగ్గర నిలబడటం ఎందుకని కూడా అడిగాను. ఆమె కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది.

కేంద్రం ఎక్కడో ఊరవతల ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే మా ఆఫీసులోనే, పాత రికార్డు గదిలో. తొలి మంగళవారం బండి దిగేసరికి ఇద్దరు అటెండర్లు మెట్ల దగ్గర సిద్ధంగా ఉన్నారు. నా కుర్చీని చెరోవైపూ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించారు. నేను బక్కవాణ్ణి కాదు. పైకి చేరేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"ఏరా, బొమ్మలకు రంగులు వేయడానికైతే మోస్తారు, పని చేసుకుంటానంటే మొయ్యరా?" అన్నాను.

"పనికి మొయ్యమని ఆర్డరు లేదు సార్," అన్నాడు పెద్దవాడు చెమట తుడుచుకుంటూ. వాడు వెటకారానికి అనలేదు. అందుకే నాకు మరీ మండింది.

రికార్డు గదికి వెళ్ళే దారిలో డ్రాయింగు హాలు. తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన నా బల్ల కనిపించింది. దాని మీద రంగు పెన్సిళ్ళ డబ్బాలు, బొమ్మల పుస్తకాలు గుట్టగా పోసి ఉన్నాయి. బల్లకు కుడివైపు అంచు నా మోచేయి ఆనీ ఆనీ నున్నగా అరిగింది. ఆ అరిగిన చోట ఎవరో టీ గ్లాసు పెట్టారు.

కేంద్రం నడిపే ఆవిడకు నేను శాంతం మేడం అని పేరు పెట్టాను. ఆవిడ ప్రతి మాటకూ ముందొక శాంతం, వెనకొక శాంతం తగిలించేది. మనిషి చెడ్డది కాదు. చెడ్డదైతే తిట్టి సరిపెట్టుకునేవాణ్ణి.

"ఊపిరి పీల్చండి. శాంతం. లోపలున్న కోపాన్నంతా రంగులోకి పంపించండి. గీత దాటకండి. శాంతం."

గదిలో తొమ్మిదిమందిమి ఉన్నాం. చెయ్యి వణికే ఆయనకు అన్నిటికంటే సన్న గీతల పువ్వు ఇచ్చింది. లేతు యంత్రంలో మూడు వేళ్ళు పోయిన పనివాడికి చేపల గుంపు. నా పక్కన టెలిఫోను ఆపరేటరుగా చేసి రిటైరైన పెద్దావిడ. ఆవిడకు చిన్నప్పట్నుంచీ చూపు లేదు. ఆవిడకీ ఒక బొమ్మ, ఒక పెన్సిళ్ళ డబ్బా ఇచ్చారు. నేను అబద్ధం చెప్పడం లేదు. వరసలో ఉన్న అందరికీ పుస్తకాలు పంచారు, ఆవిడ వరసలో ఉంది.

"తమ్ముడూ, నాకేం బొమ్మ ఇచ్చారు?" అందావిడ నా వైపు వంగి.

"చిలక."

"నేనేం రంగు వేస్తున్నాను?"

"ఊదా."

"బాగుందా?"

"చచ్చి మూడు రోజులైన చిలకలాగుంది."

ఆవిడ పగలబడి నవ్వింది. "చూశారా, ఎంత ఆనందంగా ఉన్నారో!" అని శాంతం మేడం తన పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆపరేటరక్క నా మోచేయి తడిమి పట్టుకుని గొంతు తగ్గించింది.

"మా ఇంట్లో అందరూ నాతో మెల్లగా, ముద్దుగా మాట్లాడతారు తమ్ముడూ. నలభై ఏళ్ళు జనంతో తిట్లు తిన్నదాన్ని, నాకు అది పడదు. నువ్వు మాట్లాడుతుంటే ప్రాణం లేచొస్తోంది."

ఆ గదిలో నాకు నచ్చినది ఆవిడొక్కతే.

ప్రతి మంగళవారం చివర మేడం మాకు మార్కులు వేసేది. శాంతానికి మార్కులు, పదికి ఇన్నని. మొదటివారం నాకు రెండు. నెమలి ఈకల్లో ఒక్క గీత దాటలేదు, ఒక్క చోట రంగు ఎక్కువతక్కువ కాలేదు, అయినా రెండే. మొహం చిట్లించుకుని వేశానట. మూడోవారం నుంచి కిటుకు పట్టుకున్నాను. పక్కవాళ్ళకు వినపడేలా ముక్కుతో గట్టిగా గాలి పీల్చి, కళ్ళు సగం మూసి, నోటితో వదిలేవాణ్ణి. మార్కులు అయిదుకు, ఆరుకు, ఏడుకు ఎక్కాయి. లోపల మాత్రం పెద్ద ఇంజినీరుని, అటెండర్లని, నా బల్ల మీద గ్లాసు పెట్టినవాణ్ణి వరసగా తిట్టుకుంటూ తామరపువ్వులకు గులాబి రంగు వేసేవాణ్ణి. తిట్టుకుంటూ వేస్తే చెయ్యి ఇంకా నిలకడగా నడుస్తుంది. అది మాత్రం ఒప్పుకోవాలి.

ఒక సంగతి నాకు వింతగా ఉండేది. మంగళవారం సాయంత్రాలు మా ఇల్లు వేరేగా ఉండేది. నేను వచ్చేసరికి మా ఆవిడ మొహం తేటగా ఉండేది, అమ్మాయి ముందుగదిలోనే పుస్తకాలు పరుచుకుని ఉండేది. మిగతా రోజుల్లో ఆ పిల్ల లోపలిగదిలోంచి రాదు. బుధవారానికల్లా అన్నీ మామూలే. నేను చెప్పులు కనపడలేదని అరవడం, అరిచాక అవి నాకెందుకని గుర్తొచ్చి ఇంకా అరవడం. ఈ రంగుల పిచ్చి మా ఆవిడకు కూడా ఎక్కిందనీ, శాంతం మేడం మాటలు నమ్మి మంగళవారాలు సంబరపడుతోందనీ అనుకున్నాను. చదువుకున్నది కూడా ఇంత తేలిగ్గా బుట్టలో పడుతుందా అని జాలిపడ్డాను.

పదో మంగళవారానికి మేడం దగ్గర బొమ్మలు అయిపోయాయి. నెలాఖరు శనివారం ప్రదర్శన పెడుతున్నారట, పెద్ద ఇంజినీరు వచ్చి చూస్తారట.

"మీకు బొమ్మలు గీయడం వచ్చటగా? మన భవనమే గీసివ్వండి. అందరూ దానికే రంగులు వేస్తారు. ఎంత బాగుంటుందో!"

వచ్చట. ఇరవై నాలుగేళ్ళు గీస్తే, వచ్చట. సరే, గీశాను. పైన భవనం ముందువైపు, కింద దాని ప్లాను, కొలతలతో సహా. నాకు ఇంకోరకంగా గీయడం చేతకాదు.

"కింద ఈ గళ్ళేంటండీ?"

"అవీ రంగులు వేసుకోడానికే మేడం."

నకళ్ళు తీసి అందరికీ పంచింది. లేతు మనిషి కిటికీలన్నిటికీ ఎర్ర రంగు కొట్టాడు. ఆపరేటరక్క భవనాన్ని, ఆకాశాన్ని కలిపి ఆకుపచ్చ చేసేసింది. నేను నా కాగితం మీద మొదట భవనానికి నీలం వేశాను. మెట్ల దగ్గరకొచ్చేసరికి చెయ్యి దానంతటదే పసుపు పెన్సిలు తీసింది. తొమ్మిది మెట్లకూ పసుపు. ఆ తర్వాత స్కేలు అడిగి తీసుకుని, మెట్లున్న చోటనుంచి పక్కకు ర్యాంపు గీశాను. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల చొప్పున యాభై నాలుగడుగులు, నడుమ ఒక మలుపు, మలుపులో కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును. దానికి ఎరుపు వేశాను. కుడివైపు కింది మూల, అలవాటు కొద్దీ, తేదీకీ సంతకానికీ గడి కూడా కట్టాను. నా మనసులో పన్నాగమేమీ లేదు, ఉన్నదంతా కచ్చే. ఆ రోజు నాకు శాంతం ఎనిమిది మార్కులు.

పన్నెండో మంగళవారమూ అయింది. ప్రదర్శన రోజు, అట్ట చట్రాలకు అతికించి తగిలించిన బొమ్మల ముందు పెద్ద ఇంజినీరు గోడ పొడుగునా నడిచాడు. ఆయన దేన్నీ చూడడు. ఇరవై ఏళ్ళుగా నేను గీసిన ప్లాన్లనూ చూడకుండానే సంతకం పెట్టాడు. మేడం ఒక్కో చట్రం దగ్గరా పెన్ను అందించింది. ఆయన ప్రతిదాని మీదా "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి" అని రాసి సంతకం చేశాడు. ఆపరేటరక్క ఆకుపచ్చ భవనం మీద ఆకాశంలో సంతకం పెట్టాడు. నాదాంట్లో గడి ఉంది కదా, సరిగ్గా గడిలో పెట్టాడు. నన్ను చూసి, చిన్నపిల్లల్ని మెచ్చుకున్నట్టు తలాడించి, టీ తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక చట్రాలు దించడానికి మేస్త్రీ వచ్చాడు. ఆఫీసు మరమ్మతులన్నీ చూసేది అతనే. అతనికి అక్షరం ముక్క రాదు. అయినా నా ప్లాను చేతిలో పెడితే చాలు, ఒక్క ఇటుక తేడా రాకుండా కట్టేవాడు. పసుపు చూస్తే గునపం, ఎరుపు చూస్తే తాపీ. నేను అటెండర్ల కోసం ఎదురుచూస్తూ గదిలోనే ఉన్నాను. అతను నా బొమ్మ ముందు నిలబడ్డాడు. మెట్ల మీద వేలు పెట్టాడు, ర్యాంపు వెంట వేలు నడిపాడు, గడిలో సంతకం దగ్గర ఆపాడు.

"ఇది ఎప్పుడు మొదలెట్టమంటారు సార్?"

ఒరే, అది ఉత్త బొమ్మరా అని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. కిటికీలోంచి బయటికి చూశాను.

"వాన వెలిసింది కదా," అన్నాను. "రేపు ఆదివారం, ఆఫీసు ఉండదు."

"మరమ్మతులకని తెప్పించిన సిమెంటు, ఇటుక టార్పాలిను కింద ఉన్నాయి. చాలుతాయి," అన్నాడు. చట్రం చంకలో పెట్టుకుని వెళ్ళాడు. అతను నిజంగానే నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఈనాటికీ నేను అడగలేదు.

సోమవారం నాకు అక్కడ పనేమీ లేదు. అయినా బండి మాట్లాడుకుని వెళ్ళాను. ఆఫీసు ముందు మెట్లు లేవు. విరిగిన ఇటుకల పోగు, దాని వెనక నాలుగున్నర అడుగుల గోడ, ఆ పైన ఎవరికీ అందని ద్వారం. గుమాస్తాలు, టైపిస్టులు, అటెండర్లు టిఫిను డబ్బాలు పట్టుకుని మెడలు ఎత్తి చూస్తున్నారు. శాంతం మేడం పెన్సిళ్ళ సంచీ గుండెలకు హత్తుకుని నిలబడింది. అందరూ నా ఎత్తుకి దిగివచ్చారు. ఇంత ఆనందం నాకు ఆ ఏడాదిలో ఇంకెప్పుడూ కలగలేదు, దాచుకోవడం దేనికి?

పెద్ద ఇంజినీరు కారు దిగి ఎర్రబడ్డాడు.

"ఎవడు కొట్టమన్నాడు?"

"మీరే సార్," అన్నాడు మేస్త్రీ. చట్రం తెచ్చి ముందుపెట్టాడు. "ఇదిగోండి సంతకం. పైన ఏదో రాశారు కూడా. నాకు చదువు రాదు, మీరే చదవండి."

ఆయన చదవలేదు. వెనకనుంచి టైపిస్టు అమ్మాయి చదివింది. "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి." ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చారు. చూడకుండా సంతకం పెట్టానని ఆఫీసరు నలుగురిలో ఎలా చెబుతాడు? కక్కలేక మింగలేక చట్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎన్ని రోజులు పడుతుంది?"

"ఎండ కాస్తే పన్నెండు రోజులు సార్."

ఆ పన్నెండు రోజులూ ఆఫీసంతా వెదురు నిచ్చెన ఎక్కింది. పెద్ద ఇంజినీరు భారీ మనిషి. ఆయన ఎక్కుతుంటే ఇద్దరు కిందనుంచి నెట్టేవారు, ఒకడు పైనుంచి చెయ్యి పట్టి లాగేవాడు. నేను రోజూ వెళ్ళి చూశాను. ఒకరోజు మధ్యలో ఆగిపోయి గుడ్లు తేలేస్తుంటే, "మేడం, సార్‌ని ఊపిరి పీల్చమనండి. శాంతం అనండి," అని కేకేశాను. ఫైల్లో ఆ మాట కూడా ఎక్కే ఉంటుంది.

ర్యాంపు లేచాక మాట మారిపోయింది. పెద్ద ఇంజినీరు రిబ్బను కత్తిరించి, వికలాంగుల కష్టం తనను ఎన్నాళ్ళుగానో కలచివేస్తోందని చెప్పాడు. శాంతం మేడం, రంగులు మనసుల్ని మార్చాయి, మారిన మనసులు మెట్లను మార్చాయని చెప్పి కళ్ళు తుడుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఆపరేటరక్క కర్రతో కొత్త సిమెంటు మీద తట్టి చూసుకుని, "దీనికి నువ్వు తిట్టిన తిట్లు సరిపోయాయా, ఇంకా మిగిలాయా తమ్ముడూ?" అని నా చెవిలో అంది.

బోర్డు నన్ను అయిదు నిమిషాలు కూడా కూర్చోబెట్టలేదు. మెట్లు లేవు కనక అభ్యంతరమూ లేదట. సోమవారం నుంచి చేరమని ఆర్డరు, దాంతోపాటు మేడం రాసిన నివేదిక ఇచ్చారు. ఆ సాయంత్రం ఇంట్లో ఆ నివేదిక గొంతు మార్చి, మేడంలా సాగదీస్తూ పైకి చదివాను.

"వినవే. 'రంగులు వేయడం వల్ల వీరి స్వభావంలో గొప్ప మార్పు వచ్చినది. మంగళవారములు ఇంటిలో కూడా ఎంతో ప్రశాంతత నెలకొన్నదని వీరి భార్య ఫోనులో తెలిపినారు.' నువ్వు చెప్పావా ఇది?"

"చెప్పాను," అంది ఉతికిన బట్టలు మడతపెడుతూ.

"నువ్వు కూడా నమ్మావా ఆ దిక్కుమాలిన రంగుల్ని?"

"రంగులని నేనెందుకంటాను? ఆవిడ మంగళవారాలు ఎలా ఉంటోంది అనడిగింది. బాగుంటోంది అన్నాను." చొక్కా చేతులు లోపలికి మడిచింది. "మంగళవారాలు మీరు ఇంట్లో ఉండరు కదండీ."

నేను కాగితం దించాను.

"ఆ నాలుగు గంటల్లో అమ్మాయి బడి నుంచి వచ్చి ముందుగదిలో కూర్చుని గట్టిగా చదువుకునేది. నేను కాసేపు నడుం వాల్చేదాన్ని. అంతే. ఇప్పుడు రోజూ వెళ్తారుగా. ఆదివారం ఒక్కటీ మేం ఎలాగో చూసుకుంటాం."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. పని ఎలా సర్దుకోవాలో చెప్పినట్టు చెప్పింది. ప్రపంచంలో ప్రతివాడి మీదా నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఆ పూట ఆ మాటలన్నీ నా మీదికే తిరిగాయి. నాకు సిగ్గేసింది. పడ్డ రోజు నుంచే కాదు, అంతకుముందు నుంచీ కూడా ఇంట్లో నా తీరు ఇదే.

సోమవారం నా కుర్చీ నేనే తోసుకుంటూ ఆ యాభై నాలుగడుగులూ ఎక్కి నా బల్ల ముందు కూర్చున్నాను. వారమంతా ఒళ్ళు విరిగేలా పని చేశాను. శనివారం దాకా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆదివారం పొద్దున్న నేను ముందుగదిలో కూర్చుని ఉన్నాను. వంటగదిలో తల్లీ కూతురూ ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అంతలో పెద్ద మూత ఒకటి చెయ్యిజారి నేల మీద పడి, గిర్రున తిరిగి తిరిగి ఆగింది. వంటగదిలో మాటలు టక్కున ఆగిపోయాయి. ఇద్దరూ నా కేక కోసం చూస్తున్నారు. నేను కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరవలేదు. చాలాసేపటికి గాని కొళాయి తిప్పిన చప్పుడు వినపడలేదు.